ఐఫోన్ 17 ప్రోకి అంత డబ్బు పెట్టొచ్చా? నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నా

మబ్బులవేట
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నా ఫోన్ కొని ఐదేళ్లు దాటింది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, కొన్నప్పుడు మధ్యరకం ధరలో మంచి పేరున్న ఫోనే. ఇప్పుడు బ్యాటరీ 20 శాతం ఉందని చూపిస్తూనే, కెమెరా తెరవగానే టక్కున ఆగిపోతోంది. అంతకంటే పెద్ద బాధ ఫోటోలు. మా పాపకి మూడేళ్లు, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. సాయంత్రం ఇంట్లో తీసిన ఫోటోలు పదిలో ఎనిమిది మసకగానే వస్తాయి. చెయ్యి ఉండాల్సిన చోట ఒక తెల్లటి చార, మొహం ఉండాల్సిన చోట పొగలాంటిది. ఈ వయసు మళ్లీ రాదు కదా అని ఏడాదిగా నెలనెలా కొంత పక్కన పెట్టి, ఐఫోన్ 17 ప్రో కొందామని డబ్బు దాచాను. తీరా డబ్బు సమకూరాక కొనడానికి చెయ్యి రావడం లేదు. మామూలు ఐఫోన్ 17 చాలని కొందరు, సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రా తీసుకోమని కొందరు, సగం ధర ఫోన్‌తో సరిపెట్టుకుందామని మా ఆయన. నిజంగా వాడినవాళ్లు చెప్పండి, ఆ ధరకి తగ్గ విలువ ఉందా?

కొత్తమోడల్
ఉందండి. 17 ప్రో వచ్చిన మొదటి నెల నుంచి వాడుతున్నాను. దీనికి ముందు వాడిన ఫోన్‌తో ఎండలో పది నిమిషాలు వీడియో తీస్తే చాలు, వెనకవైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి తెర వెలుగు దానంతటదే తగ్గిపోయేది. ప్రోలో వేపర్ ఛాంబర్ పెట్టారు, అంటే పల్చటి లోహపు పొరల మధ్య కొద్దిపాటి నీరు ఉండి, చిప్ వేడికి ఆవిరై ఆ వేడిని పక్కకి మోసుకెళ్లి, చల్లబడి మళ్లీ వెనక్కి వస్తుంది. బాడీ కూడా టైటానియం వదిలేసి అల్యూమినియంకి మారారు, అల్యూమినియం వేడిని త్వరగా బయటికి పంపేస్తుంది కాబట్టి. అరగంట వీడియో తీసినా గోరువెచ్చగా ఉంటుంది తప్ప ఇబ్బంది పెట్టదు. దానికి తోడు 4 రెట్ల జూమ్ లెన్స్. పిల్లలు ఆడుకుంటుంటే దగ్గరికెళ్తే ఆట ఆపేస్తారు, దూరం నుంచి తీస్తే వాళ్ల లోకంలో వాళ్లుంటారు. నాకు ఆ ఒక్క లెన్స్ కోసమే డబ్బు గిట్టుబాటైంది అనిపిస్తుంది.

చిన్నతెర
కొనే ముందు చేత్తో పట్టుకుని చూడండి. 17 ప్రో 206 గ్రాములు, మామూలు 17 అయితే 177, ఎస్25 అల్ట్రా 218. చదవడానికి తేడా చిన్నదే. ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని ఇంకో చేత్తో ఫోటో తీసేటప్పుడు తెలుస్తుంది.

లెక్కలమాస్టారు
ధర ఎక్కువా తక్కువా అని చూడకండి. ఎన్నేళ్లు వాడతారు, వాడాక ఎంతకి పోతుంది, ఈ రెండూ కలిపి చూడండి. నేను ఎవరికైనా ఇలాగే వేసి చూపిస్తాను. ఖరీదైన ఫోన్ ధర 100 అనుకుందాం. రెండేళ్లు వాడి 50కి అమ్మేస్తే ఏడాదికి 25 పడినట్టు. అదే ఫోన్ ఆరేళ్లు వాడి, మధ్యలో బ్యాటరీ మార్చడానికి ఒక 6 పెట్టి, చివర్లో 10కి అమ్మితే మొత్తం 96, అంటే ఏడాదికి 16. ఇప్పుడు 60 పెట్టి కొన్న ఫోన్ ఐదేళ్లు వాడి 5కి వదిలించుకుంటే ఏడాదికి 11. అంటే ఖరీదైన ఫోన్ కొని రెండేళ్లకే మార్చేవాళ్లకి పడే భారం, అదే ఫోన్‌ని ఓపిగ్గా వాడేవాళ్ల భారానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మీరు ఐదేళ్లు ఒకే ఫోన్ వాడిన మనిషి. కాబట్టి మీ విషయంలో నేను వెంటనే వద్దనను. 16కీ 11కీ మధ్య ఏడాదికి పడే ఆ 5 తేడా దేనికి పెడుతున్నారో మీకు తెలిసి ఉండాలి, అంతే.

ఇంకోటి, వాయిదాల మీద కొంటే పై లెక్క మారిపోతుంది. వడ్డీ లేదన్న చోట కూడా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో, రొక్కంగా కడితే వచ్చే తగ్గింపు పోతోందేమో చూసుకోండి. మీ దగ్గర డబ్బు ఉందన్నారు కాబట్టి ఆ జోలికి వెళ్లకండి.

పాతచార్జర్
మాస్టారు గారి లెక్క నిలబడాలంటే ఫోన్‌కి అన్నేళ్లూ అప్‌డేట్లు రావాలి. నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కింద అప్పట్లో ఒక కంపెనీ తెచ్చిన అతి ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాను. ఫోన్ దిట్టంగా ఉండేది, ఈరోజుకీ తెర మీద గీత లేదు. రెండేళ్లు అప్‌డేట్లు ఇచ్చి ఆపేశారు. ఆ తర్వాత ఒక్కో యాప్ ముఖం తిప్పుకుంటూ వచ్చింది. మొదట బ్యాంకు యాప్ పాత వెర్షన్‌లో పనిచేయదని చెప్పింది, తర్వాత ఆఫీసు మెయిల్. మంచి ఫోన్, బతికున్న ఫోన్, సొరుగులో పెట్టాల్సొచ్చింది. ఆ కడుపుమంట ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు పరిస్థితి మెరుగు. 2023 అక్టోబర్‌లో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోన్‌కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది, 2024 జనవరిలో సామ్‌సంగ్ ఎస్24 సిరీస్‌కి అదే మాటిచ్చింది. ఎస్25 అల్ట్రాకీ ఏడేళ్లే. యూరోపియన్ యూనియన్‌లో అయితే 2025 జూన్ 20 నుంచి ఇది చట్టం. ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి, బ్యాటరీ 800 చార్జింగ్ సైకిళ్ల (సున్నా నుంచి నూరు శాతం దాకా నింపినంత అయితే ఒక సైకిల్) తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. కంపెనీలు అక్కడికొకటి ఇక్కడికొకటి వేరుగా చేయడం కష్టం కాబట్టి ఆ మేలు మిగతావాళ్లకీ కొంత అందుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ ఏడేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. నిరుటి మోడల్ తక్కువకి వస్తోందని కొంటే ధరతో పాటు ఏళ్లు కూడా తగ్గుతాయి.

కొత్తమోడల్
ఆపిల్ వాళ్లలా ఏడేళ్లని మాటివ్వలేదు కానీ చేతల్లో చూపించింది. 2018లో వచ్చిన ఐఫోన్ టెన్‌ఎస్‌కి 2024లో వచ్చిన ఐఓఎస్ 18 (ఐఓఎస్ అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వరకు ఇచ్చారు, దాని తర్వాత 2025లో వచ్చిన ఐఓఎస్ 26 ఇవ్వలేదు. 2019 నాటి ఐఫోన్ 11కి ఐఓఎస్ 26 కూడా వచ్చింది. ఆరేళ్లు ధీమాగా ఉండొచ్చు.

పాతచార్జర్
ఒప్పుకుంటాను. కానీ అప్‌డేట్ రావడం వేరు, అందులో ఉన్నవన్నీ మన ఫోన్‌కి రావడం వేరు. 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15 కొన్నవాళ్లకి ఏడాది తర్వాత వచ్చిన ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే ఏఐ ఫీచర్లు అందలేదు. దాంట్లో ర్యామ్ (పనులు చేసేటప్పుడు ఫోన్ వాడుకునే మెమరీ) 6 జీబీ, 15 ప్రోలో 8 జీబీ. ఆ తేడా కొనే రోజున ఎవరికీ కనిపించలేదు. ఆ ఏఐ ఫీచర్లు నిజంగా ఎంత అవసరం అనేది వేరే మాట, నాకైతే పెద్దగా పనికిరాలేదు. కానీ చాలా ఏళ్లు వాడదామనుకునేవాళ్లు ప్రాసెసర్ వేగం కంటే ర్యామ్ చూసుకోవాలి. మామూలు 17లో 8, 17 ప్రోలో 12. ప్రో వైపు నేను చెప్పగలిగిన గట్టి కారణం ఇదొక్కటే.

వెలుగునీడ
అసలు విషయం ఎవరూ అడగలేదు. అక్కా, పాప ఫోటోలు ఎలాంటి వెలుతురులో తీస్తున్నారు? గదిలో ఒకే లైటా? పగలు కిటికీ దగ్గర తీసినవి కూడా మసకగానే ఉన్నాయా, సాయంత్రం తీసినవేనా? ఇది తెలియకుండా ఏ ఫోన్ చెప్పినా చీకట్లో రాయి విసిరినట్టే.

మబ్బులవేట
ఒకటే ట్యూబ్‌లైటు. పగటివి కదలిక పరంగా ఫర్వాలేదు కానీ వాటి మీద కూడా ఒక పల్చటి తెల్ల పొర ఉన్నట్టు ఉంటుంది. లైటు ఎదురుగా ఉంటే మరీను.

రిపేరుబల్ల
ఆ తెల్ల పొర గురించి నేను చెప్తాను. కెమెరా మీద విడిగా కొన్న గాజు ప్రొటెక్టర్ ఏమైనా అంటించారా? ఉంటే గోరుతో మెల్లగా లేపి తీసేసి చూడండి.

నేను పదకొండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. కెమెరా పాడైందని వచ్చేవాళ్లలో చాలామందికి పాడైంది కెమెరా కాదు, దాని మీద అంటించిన ఆ చవక గాజు. దానికీ లెన్స్‌కీ మధ్య దుమ్ము చేరి, చెమట చేరి, కంటికి పొర కమ్మినట్టు అవుతుంది. అసలు లెన్స్ మీదుండే గాజే గట్టిది, దానికి ఇంకో కాపలా అక్కర్లేదు.

ఇంకో పని కూడా చేయండి. ఫోన్‌ని కవరు తీసి, సమంగా ఉన్న బల్ల మీద వెల్లకిలా కాదు, తెర కిందికి వచ్చేలా బోర్లా పెట్టి ఒక మూల వేలితో నొక్కండి. ఊగుతోందా? తెర అంచుకీ ఫ్రేముకీ మధ్య ఎక్కడైనా సన్నటి సందు, లోపలి నుంచి వెలుతురు గీతలా కనిపిస్తోందా? 20 శాతం దగ్గర ఆగిపోతోందంటే నాకు అనుమానంగా ఉంది. బ్యాటరీ ముదిరేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు వోల్టేజీ ఢమాల్న పడిపోతుంది, ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. లోపల 20 శాతం ఉన్న మాట నిజమే, దాన్ని అంత వేగంగా ఇవ్వలేకపోతోంది. కొన్ని కంపెనీలు దీన్ని ఆపడానికి ఫోన్ వేగమే తగ్గిస్తాయి. 2017 డిసెంబర్‌లో ఆపిల్ తన పాత ఫోన్లలో అలా చేస్తున్నానని ఒప్పుకుని, ఆ మరుసటేడు తక్కువ ధరకి బ్యాటరీలు మార్చి ఇచ్చింది. ఫోన్ ముసలిదైపోయిందని కొత్తది కొన్నవాళ్లు ఎంతమందో, నిజానికి ముసలిదైంది బ్యాటరీ ఒక్కటే.

లెక్కలమాస్టారు
చూశారా, బ్యాటరీ ఒక్కటి మారిస్తే ఇంకో రెండేళ్లు లాగొచ్చు. నా ఓటు దానికే.

కళ్ళద్దాలు
ధర సంగతి పక్కన పెట్టి నా ఘోష వినండి. డబ్బు పోసి ఒక ఖరీదైన ఫోన్ కొన్నాను, వారం తిరక్కుండా రాత్రిపూట తలనొప్పి, కళ్లు లాగడం. డాక్టర్ దగ్గరికెళ్లాను, అద్దాలు మార్చాను, తగ్గలేదు. చివరికి తేలిందేమిటంటే ఓఎల్‌ఈడీ తెరలు (ఒక్కో చుక్కా దానంతటదే వెలిగే రకం) చాలావాటిలో వెలుగు తగ్గించడమంటే నిజంగా తగ్గించడం కాదు, సెకనుకి కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగించడం. ఎక్కువమందికి ఏమీ అనిపించదు. నాలాంటి కొందరికి నరకం. పరీక్ష సులువు. ఆ తెర వెలుగు బాగా తగ్గించి, ఇంకో ఫోన్ కెమెరాలో షట్టర్ స్పీడ్ పెంచి తెర వైపు చూడండి, నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తాయి. ఐఫోన్ 17 సిరీస్‌లో దీన్ని మాన్పించే సెట్టింగ్ యాక్సెసిబిలిటీలో ఇచ్చారు, కొన్ని కంపెనీలు చాలా ఎక్కువ వేగంతో ఆర్పి వెలిగించి బాధ తగ్గిస్తున్నాయి. కొనే ముందు తెలిసినవాళ్ల ఫోన్ తీసుకుని ఒక గంట చీకటి గదిలో చదివి చూడండి. తిరిగివ్వడానికి గడువు ఎన్ని రోజులో కూడా అడగండి.

చిన్నతెర
మా చెల్లికి అచ్చం ఇదే సమస్య. థాంక్స్, తనకి పంపిస్తున్నా.

మబ్బులవేట
రిపేరుబల్ల గారూ, మీరు చెప్పిన రెండూ చేశాను. కెమెరా మీద గాజు ఉంది, నిజమే, ఫోన్ కొన్న రోజే అంటించిచ్చారు, అదొకటుందని నేను మర్చిపోయాను కూడా. గోరు దూర్చి లేపితే వచ్చేసింది. దాని అడుగున బూడిద రంగులో నూనెమరక లాంటి పొర, లైటుకి పెట్టి చూస్తే సన్నసన్నని గీతలు, వలలాగా. కింద అసలు లెన్స్ నీటిచుక్కలా మెరుస్తోంది. మెత్తటి బట్టతో ఒక్కసారి తుడిచి కిటికీ దగ్గర పాపని తీశాను. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా వచ్చాయి. ఐదేళ్లు ఆ గాజులోంచి తీసినవన్నీ తలుచుకుంటే ఏడుపొచ్చింది, పాప పుట్టిన రోజు ఫోటోలు కూడా దాంతోనే తీశాం.

రెండోది, ఫోన్ ఊగుతోంది. మూల నొక్కితే టక్ టక్‌మంటోంది. ఎడమ అంచు దగ్గర సందు కూడా కనిపిస్తోంది.

రిపేరుబల్ల
ఇప్పుడే చార్జింగ్ తీసేసి స్విచ్ ఆఫ్ చేయండి. నొక్కి చూడ్డం కూడా ఇక వద్దు. బ్యాటరీ ఉబ్బింది. లోపల గ్యాస్ చేరి సంచిలా పొంగుతుంది, అది తెరని కింద నుంచి తోస్తోంది. సూది గుచ్చితే గ్యాస్ పోతుందని వీడియోల్లో చూసి ప్రయత్నిస్తారు కొందరు, మంటలొస్తాయి, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. దిండు కింద, సోఫాలో, ఎండలో పెట్టకండి. పాపకి అందనివ్వకండి. పనితెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి తీయించండి, చెత్తబుట్టలో మాత్రం వేయొద్దు.

మాస్టారు గారూ, మీ మాట సబబే కానీ ఈ ఫోన్‌కి నేను బ్యాటరీ మార్చుకోమని చెప్పను. ఐదేళ్ల మధ్యరకం ఫోన్, అప్‌డేట్లు ఈపాటికి ఆగిపోయి ఉంటాయి, ఉబ్బు తోసిన తోపుడికి డిస్‌ప్లే కూడా అంచు దగ్గర దెబ్బతిని ఉండొచ్చు. హీట్ గన్‌తో గమ్ము మెత్తబరిచి తెర లేపేటప్పుడు నాలుగైదింటిలో ఒకటి అక్కడే పోతుంది. కొత్త ఫోన్ కొనాల్సిన సమయం వచ్చింది. ఎంత పెట్టి అన్నదే ప్రశ్న.

లెక్కలమాస్టారు
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రమాదం ముందు లెక్కలు నిలవవు.

వెలుగునీడ
అయితే ఇక ఫోటోల సంగతి తేలుద్దాం. అక్కా, గాజు తీసేసినా సాయంత్రం ట్యూబ్‌లైటు కింద పరిగెత్తే పిల్ల మసకగానే వస్తుంది, ఖరీదైన ఫోన్‌లో కూడా. ఎందుకో చెప్తాను. ఇంటి వెలుతురు మన కంటికి చాలనిపిస్తుంది కానీ కెమెరాకి చాలా తక్కువ. అందుకని ఫోన్ షట్టర్‌ని సెకనులో ముప్పయ్యో వంతో, ఇంకా ఎక్కువసేపో తెరిచి ఉంచుతుంది. ఆ లోపు పాప చెయ్యి బెత్తెడు దూరం వెళ్లిపోతుంది. ఆ తెల్లటి చార అదే. నైట్ మోడ్ అయితే ఇంకా దారుణం, చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, కుదురుగా ఉండే వస్తువులకి తప్ప పనికిరాదు. పిల్లల కోసం కనీసం సెకనులో 125వ వంతు కావాలి, పరుగెత్తుతుంటే 250వ వంతు. అంత తక్కువసేపట్లో అంత వెలుతురు పట్టాలంటే పెద్ద సెన్సర్ (వెలుతురుని పట్టే చిప్), పెద్ద ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే కన్నం) ఉండాలి.

ఇప్పుడు ప్రోకీ మామూలుదానికీ తేడా చూడండి. ప్రోలో మెయిన్ కెమెరా సెన్సర్ పెద్దది, నిజమే. కానీ దాని లెన్స్ ఎఫ్/1.78, మామూలు 17 లెన్స్ ఎఫ్/1.6. అంకె చిన్నదైతే కన్నం పెద్దదని అర్థం. ఒకదాంట్లో గిన్నె పెద్దది, ఇంకోదాంట్లో ధార పెద్దది. మొత్తం మీద ప్రోకి మొగ్గు ఉంది కానీ మీ మసకని పోగొట్టేంత లేదు. ఆ 4 రెట్ల లెన్స్ ఎఫ్/2.8, మెయిన్ కెమెరా కంటే చాలా తక్కువ వెలుతురు పడుతుంది. గదిలో 4 రెట్లు నొక్కినా ఫోన్ చాలాసార్లు ఆ లెన్స్ వాడదు, మెయిన్ కెమెరా బొమ్మనే కోసి పెద్దది చేసి ఇస్తుంది. వేలితో ఆ లెన్స్ మూసి చూస్తే తెలిసిపోతుంది. కొత్తమోడల్ గారు చెప్పింది ఆరుబయట ఆటల గురించి, అక్కడ ఆయన మాటకి తిరుగులేదు.

ఎస్25 అల్ట్రాలో 200 మెగాపిక్సెళ్లంటారు. మామూలుగా తీసినప్పుడు 16 పిక్సెళ్లని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది, వెలుతురు తక్కువైనప్పుడు అదే మంచిది కూడా. నిండు పగలు కొండనో గోపురాన్నో తీసి గోడంత ప్రింటు వేయించేవాళ్లకి 200 పనికొస్తుంది. పరుగెత్తే పిల్లకి కాదు.

పెద్దగా డబ్బు ఖర్చు లేని మార్గాలు చెప్తాను. గదిలో ఇంకో లైటు వేయండి, పాప మొహం లైటు వైపు ఉండేలా మీరు జరగండి. షట్టర్ స్పీడ్ మనం పెట్టుకోగలిగే కెమెరా యాప్ వాడి 125 దగ్గర ఉంచండి, కాస్త గింజలు గింజలుగా వస్తుంది, రానివ్వండి. గింజలున్నా మొహం తెలుస్తుంది, మసకలో మొహమే ఉండదు. లేదంటే సెకనుకి 60 ఫ్రేముల 4కే వీడియో తీసి నచ్చిన ఫ్రేము ఆపి సేవ్ చేసుకోండి. ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెళ్లు, ఆల్బమ్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. నేను పెళ్లిళ్లలో పిల్లల్ని ఇలా చాలాసార్లు పట్టాను.

కొత్తమోడల్
ఇదంతా నిజమే కావచ్చు. కానీ ఒక మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆమె ఏడాది పాటు తన చేత్తో దాచుకున్న డబ్బది. నచ్చిన వస్తువు కొనుక్కుంటే అందులో తప్పేముంది? ప్రతిదీ ఏడాదికి ఎంత పడింది అని తూచితే మనిషి ఇష్టాలకి చోటెక్కడ? నేను రోజూ నాలుగైదు గంటలు ఫోన్ చేతిలో పట్టుకుంటాను, నా బండి కంటే, మంచం కంటే ఎక్కువ వాడేది ఇదే. అది బాగుండాలనుకోవడం దుబారా కాదు.

లెక్కలమాస్టారు
దుబారా అని నేను ఎక్కడా అనలేదు. ఇష్టంతో కొంటే ఇష్టంతోనే కొనండి, దానికి నాకేం అభ్యంతరం లేదు. మసక ఫోటోలు పోతాయన్న ఆశతో కొని, పోకపోతే ఆ బాధ ఆమెదే. అది జరక్కూడదనే ఇంత చెప్తున్నాం.

ఆగితే ధర తగ్గుతుందా అని ఎవరైనా అడగబోతే, ఈసారి ఆ ఆశ పెట్టుకోకండి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నుంచి వాటి ధరలు బాగా పెరిగాయి. ఆ భారం ఫోన్ల మీద పడుతోంది.

రిపేరుబల్ల
నేను ఒకటి చెప్పాలి, ధర గురించి ఎవరు అడిగినా చెప్తాను. కొన్నాళ్ల కింద ఒకాయన బండి కింద పడి నలిగిన ఫోన్ తెచ్చాడు. చాలా ఖరీదైనది, మూడు కెమెరాలది. బోర్డు సరిగ్గా ప్రాసెసర్ దగ్గర విరిగింది. ఫోన్ అక్కర్లేదన్నా, వాళ్లమ్మ గారి ఆఖరి ఆరు నెలల ఫోటోలు, వీడియోలు, ఆమె గొంతు అన్నీ అందులోనే ఉన్నాయి, అవి తీసివ్వు చాలు అన్నాడు. తీయలేం. ఇప్పటి ఫోన్లలో మెమరీలో ఉన్నదంతా తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ప్రాసెసర్‌లో ఉంటుంది, మెమరీ చిప్ ఊడదీసి ఇంకో బోర్డుకి అతికించినా చదవదు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం నేను మర్చిపోలేను. బల్ల మీద ఉన్న విరిగిన ముక్కలు ఒక్కొక్కటీ ఏరి రుమాల్లో కట్టుకుని వెళ్లాడు.

అమ్మా, ఏ ఫోన్ అయినా కొనండి. మొత్తం డబ్బు ఫోన్‌కే పెట్టకండి. కొంత పక్కన ఉంచి ఫోటోలు రెండు చోట్ల దాచే ఏర్పాటు చేసుకోండి. ఒకటి ఆన్‌లైన్‌లో, ఇంకోటి ఇంట్లో ఒక డిస్క్‌లో. ఇంకా, ఐపీ68 (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా తట్టుకుంటుందన్న గుర్తు) అని రాసుంది కదా అని నీళ్లలో ముంచకండి. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, శుభ్రమైన మంచినీళ్లలో చేసింది. లోపలి గమ్ము ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, తడిసి పాడైతే వారంటీ కూడా ఇవ్వరు.

పాతచార్జర్
డిస్క్ మాట వచ్చింది కాబట్టి, మామూలు 17లో టైప్-సి పోర్టు ఉన్నా వేగం మాత్రం యూఎస్‌బీ 2దే, సెకనుకి 480 మెగాబిట్లు. ప్రోలో 10 గిగాబిట్లు. గంటల కొద్దీ వీడియో తీసి కేబుల్‌తో మార్చేవాళ్లకి ఇది పెద్ద తేడా. వారానికోసారి రాత్రి పెట్టి పడుకునేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. స్టోరేజీ రెండిట్లోనూ 256 జీబీ నుంచే మొదలు.

మబ్బులవేట
నాలుగు రోజులైంది, పాత ఫోన్ తీసుకెళ్లి బ్యాటరీ తీయించేశాం. విప్పినప్పుడు చూశాను, నల్లటి రేకు సంచి దిండులా ఉబ్బి, మధ్యలో వేలు పెడితే దిగేటట్టు ఉంది. ఇన్నాళ్లు దాన్ని పాప పక్కన పెట్టుకుని పడుకున్నాను. రిపేరుబల్ల గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఫోటోలు అంతకుముందే ఆన్‌లైన్‌లోకి ఎక్కి ఉన్నాయి కాబట్టి ఏమీ పోలేదు.

నిన్న పాపని తీసుకునే వెళ్లాం. వెలుగునీడ చెప్పినట్టే షోరూం వెలుతురు నమ్మకుండా, అక్కడ ఒక మూల కాస్త మసకగా ఉంటే పాపని అటు పరిగెత్తమని చెప్పి 17 ప్రోతో, మామూలు 17తో ఇరవై ఇరవై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూద్దామంటే అక్కడ ఒప్పుకోలేదు, అక్కడే నిలబడి పెద్దవి చేసి చూశాం. ప్రోలో బాగున్నవి తొమ్మిది, మామూలుదాంట్లో ఎనిమిది. మా ఆయనకి ఏవి ఏ ఫోన్‌తో తీసినవో చెప్పకుండా చూపిస్తే కనిపెట్టలేకపోయారు. దూరం నుంచి జూమ్ చేసినప్పుడు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. వీధిలో అవతలివైపు బోర్డు మీద చిన్న అక్షరాలు ప్రోలో చదవగలిగాను, 17లో అవి అలుక్కుపోయాయి. ఒక పది నిమిషాలు అక్కడే ఆగిపోయాను, నిజం చెప్పొద్దూ, మనసు అటే లాగింది.

చివరికి మామూలు 17 తీసుకున్నాను. పాపని ఒక చేత్తో ఎత్తుకుని రెండూ పట్టుకుని చూస్తే ప్రో మణికట్టు దగ్గర బరువనిపించింది, చిన్నతెర గారు చెప్పింది అప్పుడు అర్థమైంది. మిగిలిన డబ్బుతో ఒక డిస్క్, హాల్లోకి ఇంకో లైటు కొన్నాం. ఇంకా మిగిలింది. కళ్ళద్దాలు గారు చెప్పిన చీకటిగది పరీక్ష రాత్రి చేశాను, నాకు ఏమీ అనిపించలేదు.

కొత్తమోడల్
మంచి నిర్ణయం. ఎండాకాలంలో వీడియో ఎక్కువసేపు తీస్తే వేడెక్కుతుంది, కవరు తీసి తీయండి. ఇంకా, సెట్టింగుల్లో చార్జింగ్ 80 దగ్గర ఆగేలా పెట్టుకునే వీలుంది, ఇంట్లోనే ఉండే రోజుల్లో అది వాడండి.

రిపేరుబల్ల
15 సిరీస్ నుంచి వెయ్యి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం ఉండేలా బ్యాటరీ తయారు చేశామని ఆపిల్ చెప్తోంది, అంతకుముందు వాటికి 500. రోజుకి ఒక పూర్తి సైకిల్ అయినా రెండున్నరేళ్లు దాటుతుంది. మూడో ఏట ఒకసారి బ్యాటరీ హెల్త్ చూసుకుని, 80 కిందికి వస్తే ఆలస్యం చేయకుండా మార్పించండి. ఉబ్బేదాకా ఆగొద్దు. కెమెరా మీద గాజు అంటించారా మళ్లీ?

మబ్బులవేట
అంటించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.